దున్నువానికి పాఠము చెప్పినదెవరు?

చదువవలసిన వాక్యభాగములు: యెషయా 28:23–29, లేవీయకాండము 19:9–10, 19, లూకా 13:6–9

యెషయా ప్రవచనము 28వ అధ్యాయము చాలమట్టుకు గద్దింపు మాటలతో నిండియున్నది. మద్యముచేత తూలుచున్న ఎఫ్రాయిము పెద్దలు, యెరూషలేములో వాక్యమును అపహసించు ఏలికలు, వడగండ్లు, పొర్లివచ్చు ప్రవాహము, ఇవన్నియు దాటిన తరువాత ఆ అధ్యాయము చివర ఒక రైతు నాగలి పట్టుకొని కనబడును. బోధకులలో అనేకులు 22వ వచనముతో ఆగి, మిగిలిన ఏడు వచనములను విడిచిపెట్టుదురు. పట్టణపు సంఘములకు అది చెల్లునేమో గాని, పాకాల చుట్టుప్రక్కల పల్లెలలో బల్లలమీదను చాపలమీదను కూర్చుండి వాక్యము వినువారిలో మట్టిని ఎరుగనివారు బహు కొద్దిమంది. కాబట్టి ఈ నెల మన పాఠము ఆ ఏడు వచనములలోనే.

ప్రవక్త అడుగు ప్రశ్న మిక్కిలి తేలికైనది. రైతు ఏడాది పొడుగున దున్నుచునే యుండునా? ఉండడు. నేల చదునైన వెంటనే విత్తనమునకు చేయి చాచును. ఆ విత్తుటలోనైనను అన్నిటిని ఒకే రీతిగా చల్లడు. జీలకఱ్ఱను వెదజల్లును, గోధుమను సాళ్లలో వేయును, యవలకు వేరే చోటు చూచును, పొలము అంచున మరియొక ధాన్యమును నిలుపును. నూర్చునప్పుడును ఇంతే. జీలకఱ్ఱ గింజలమీద బండిచక్రము తోలడు. కఱ్ఱతో తట్టి రాల్చును. ఈ వివేకము వానికి దేవునివలన కలిగినదని 26వ వచనము చెప్పుచున్నది. 29వ వచనము అదే సంగతిని మరల చెప్పి ముగించుచున్నది.

దేవుని శిక్షకు కూడ కాలమును కొలతయు ఉన్నవని, ఆయన తన ప్రజలను పిండియగువరకు నలుగగొట్టడని చూపుటకే ప్రవక్త ఈ ఉపమానము చెప్పెనని వ్యాఖ్యానకర్తలు చెప్పుదురు. అది సరియే. అయితే ఉపమానమునకు ఆధారమైన సంగతి నిజము కానియెడల ఉపమానమే నిలువదు. ఏ గింజను ఏ చోట, ఏ కాలమున వేయవలెనో ఎరుగుట దేవుడిచ్చిన చదువు అని యెషయా నమ్మెను. ఆ చదువు ఆకాశమునుండి శబ్దరూపముగా రాలేదు. తండ్రి వెనుక నడిచిన కుమారునికి, అత్త ప్రక్కన విత్తిన కోడలికి, మట్టి వాసనవలనను మబ్బు రంగువలనను వచ్చినది. చేతినుండి చేతికి అందిన చదువు గనుక మధ్యలో ఎవరో ఒకరు అందియ్యకపోయినచో తెగిపోవును. మన ప్రాంతములో అది కొంత తెగినది. అందుకే ఈ పాఠము.

పాకాల 2022 ఏప్రిల్ నుండి తిరుపతి జిల్లాలో చేరినను, నేలయు వానయు మాత్రము పాత చిత్తూరు జిల్లావే. ఎఱ్ఱ ఇసుక నేలలు. నైరుతి వానలు కొంత, ఈశాన్యపు వానలు కొంత. ఏవియు పూర్తిగా నమ్మదగినవి కావు. ఇట్టి నేలలో మన పెద్దలు ఒక్క పంటను నమ్ముకొనలేదు. రాగి, సజ్జ, కొఱ్ఱ వేసిరి. చెనిక్కాయల మధ్య కంది సాలును, అనప సాలును, అలసంద సాలును విడిచిరి. వాన ముందుగా పోయిన ఏట చెనిక్కాయ ఎండినను కంది నిలిచెడిది. సంక్రాంతి రోజులలో అనపగింజలు నానబెట్టి, ఒక్కొక్కటి పితికి, పితికిపప్పు చేసి సంగటిలో తినుట మన జిల్లావారికి బాగుగా తెలిసిన రుచి. ఆ రుచి వెనుక ఈ సాళ్ల లెక్క ఉన్నది. తరువాత చెనిక్కాయ ఒక్కటే రొక్కము తెచ్చు పంట అయి చేనంతయు ఆక్రమించెను. విత్తనమునకు అప్పు, మందులకు అప్పు, వాన రానియెడల అంతయు ఒక్కసారిగా నష్టము. బోరు ఉన్నవారు టమాటావైపు తిరిగిరి. ధర పడిపోయిన దినములలో కోత కూలి కూడ రాక రోడ్డు ప్రక్కన పారబోసిన టమాటాలను మదనపల్లె దారిలో చూడనివారు మనలో లేరు.

ఇది భూమి ఉన్నవారి సంగతి. మన సంఘములలో భూమి లేనివారు ఎక్కువ. ఆరు నెలలు ఒకరి చేలో కలుపు తీసి, కాయ ఒలిచి, సాయంకాలము అంగడిలో ఉల్లిగడ్డ కొని ఇంటికి వచ్చు తల్లి ఆకుకూర కొనుటకు వెనుదీయును. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన రాష్ట్రములో 15 మొదలు 49 ఏండ్లలోపు స్త్రీలలో సగముకంటె ఎక్కువమందికి రక్తహీనత ఉన్నది. పండించు చేతులే పస్తుండుట వాక్యమునకు కొత్త సంగతి కాదు. ఒలీవ నూనె గానుగలాడించుచు దప్పిగొనువారిని గూర్చి యోబు 24వ అధ్యాయము చెప్పుచున్నది. రక్తహీనతకు కారణములు అనేకములు, దానికి వైద్యుని సలహాయు మాత్రలును కావలెను. తోటకూర ఒక్కటే చాలునని మేము చెప్పము. అయినను పెరటిలో మునగచెట్టు ఉన్న ఇంటికిని లేని ఇంటికిని తేడా ఉన్నది.

తెగిన చదువును మరల కలుపుకొనినవారు మన తెలుగువారిలోనే ఉన్నారు. జహీరాబాదు ప్రాంతమున 1983లో ఆరంభమైన దక్కను డెవలప్‌మెంట్ సొసైటీ నీడన దళిత స్త్రీలు ఊరూర సంఘములుగా కూడుకొనిరి. వారికున్నది రాళ్ల నేల, అదియు బీడు. దానిని కలిసి బాగుచేసి, జొన్న, కొఱ్ఱ, కంది, మినుము, నువ్వులు కలిపి ఒకే చేలో ఇరువది రకములవరకు పండించిరి. విత్తనమును అంగడిలో కొనక, బూడిదయు వేపాకును కలిపి బుట్టలలో దాచి, ఒకరికొకరు బదులిచ్చుకొనిరి. 1990ల దశకములో తాము పండించిన జొన్నలతోనే తమ ఊళ్లలోని బీదలకు తక్కువ ధరకు గింజలు అందు ఏర్పాటు చేసిరి. ఏటేట ఎడ్లబండ్లమీద విత్తనములు పెట్టుకొని పాత పంటల జాతర నడుపుదురు. 2019లో ఐక్యరాజ్య సమితి వారి ఈక్వేటర్ బహుమతి ఈ పనికి వచ్చెను. వారిలో చాలమంది బడి ముఖము చూడనివారు. యెషయా 28:26 చదువునప్పుడు మాకు మొదట జ్ఞాపకము వచ్చువారు వీరే.

మన రాష్ట్రములో రైతు సాధికార సంస్థ 2016 మొదలుకొని ప్రకృతి వ్యవసాయమును స్త్రీల పొదుపు సంఘముల ద్వారా నేర్పుచున్నది. దీనిలో మాకు నచ్చినది ఎరువు కాదు, నేర్పు విధానము. జీపులో వచ్చి ఉపన్యాసమిచ్చి పోవు అధికారికంటె, ముందు తన చేలో చేసి చూపిన రైతునే, అనేక స్థలములలో స్త్రీనే, ప్రక్క ఊరికి నేర్పుటకు పంపుదురు. 2024లో పోర్చుగల్ దేశపు గుల్బెంకియన్ బహుమతి ఈ కార్యక్రమమునకును, ఈజిప్టులోని సెకెం సంస్థకును, నేల శాస్త్రజ్ఞుడు రతన్ లాల్ గారికిని కలిపి ఇచ్చిరి. ఆ వేదికపై మన రాష్ట్రపు మహిళా రైతు ఒకరు నిలిచిరి.

వారు నేర్పు పనులలో నవధాన్యముల విత్తనము ఒకటి. వానలు రాకమునుపే, ఏప్రిల్ మే మాసములలో, పొడి దుక్కిలో ధాన్యము, చిరుధాన్యము, పప్పుజాతి, నూనెగింజలు, ఆకుకూరలు, తీగలు అన్నియు కలిపి చల్లుదురు. ప్రతి గింజకును బంకమట్టియు బూడిదయు ఎండిన పేడ ఎరువును పైపూతగా పట్టింతురు. పైన ఆకు అలమును, చెనిక్కాయ పొట్టును కప్పుదురు. పూత ఉన్నందున గింజను చీమ, పిట్ట వెంటనే తినవు. కొద్దిపాటి తేమకే మొలచును. అసలు పంటకు నేల సిద్ధమగునప్పటికి ఈ పైరు నేలను కప్పి, కూరాకును, పశువుకు మేతను ఇచ్చి, మిగిలినది మట్టిలో కలియును. వేరు ఉన్న మట్టి బ్రతికియుండును, ఎండకు కాలిన బోడి మట్టి చచ్చును, ఇదే దాని మూలము. కంది, పెసర, అలసంద వేళ్ల బుడిపెలలో కాపురముండు సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందించునని 1880ల దశకములో జర్మనీ శాస్త్రజ్ఞులు కనుగొనిరి. మన పెద్దలకు ఆ పేరు తెలియదు గాని, ఆ సాలు విడుచుట తెలియును.

ఇక్కడ ఒక ప్రశ్న లేచును. వాక్యమును శ్రద్ధగా చదువువారే దానిని అడుగుదురు. లేవీయకాండము 19:19 పొలములోను, ద్వితీయోపదేశకాండము 22:9 ద్రాక్షతోటలోను వేరువేరు విత్తనములు కలిపి విత్తుటను నిషేధించుచున్నవి గదా, మరి నవధాన్యములు చల్లుట వాక్యవిరోధము కాదా?

ఈ ప్రశ్నను నవ్వి త్రోసివేయరాదు. ఆ ఆజ్ఞ ఒంటరిగా లేదు. పశువుల జాతులను కలుపుట, ఉన్నియు జనపనారయు కలిపిన వస్త్రము ధరించుట అను నిషేధముల సరసనే ఉన్నది. ఇశ్రాయేలు అన్యజనులలో కలిసిపోక వేరుగా ఉండవలెనను సంగతిని దినదినము చేతికిని ఒంటికిని గుర్తుచేయు ఆజ్ఞలవి. నూలు పాలిస్టరు కలిసిన చొక్కా తొడిగికొని ఆలయమునకు వచ్చు మనము విత్తనము దగ్గర మాత్రము ఈ ఆజ్ఞను పట్టుకొనుట న్యాయము కాదు. అన్యజనులలోనుండి వచ్చిన విశ్వాసులపై ఇట్టి భారము మోపకూడదని అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయములో యెరూషలేము సంఘము నిర్ణయించెను.

మరియొక సంగతి. ధర్మశాస్త్రము క్రింద ఉన్న యూదులే ఈ ఆజ్ఞను ఒక్క పంట మాత్రమే వేయవలెనను అర్థములో తీసికొనలేదు. యెషయా చెప్పిన రైతు ఒకే నేలలో నాలుగైదు రకములను వాటి వాటి చోట నిలిపెను. క్రీ. శ. 200 ప్రాంతమున కూర్చబడిన మిష్నా అను యూదుల గ్రంథములో, కిలాయిము అను భాగమున, దీనికి లెక్కకూడ ఉన్నది. ఆరు బెత్తెళ్ల పొడవు, ఆరు బెత్తెళ్ల వెడల్పు గల మడిలో అయిదు రకముల విత్తనములు వేయవచ్చును. నాలుగు ప్రక్కల నాలుగు, నడుమ ఒకటి. ఆరు బెత్తెళ్లనగా ఒక మూర. మూరెడు మడిలో అయిదు రకములు! చోటు లేదని చెప్పువారికి రబ్బీలు ఇచ్చిన జవాబు ఇది. వారికి పనికిరానిది గజిబిజి, రకములు అనేకమగుట కాదు.

ఇక ఎరువు సంగతి. లూకా 13వ అధ్యాయములో మూడేండ్లు కాయని అంజూరపు చెట్టును నరకుమని యజమానుడు చెప్పగా, తోటమాలి చేసిన మనవి ఏమి? చుట్టు త్రవ్వి ఎరువు వేయుదును, ఒక్క ఏడు ఓపిక పట్టుమనెను. మన ఎఱ్ఱ నేల ఆ చెట్టువంటిదే. దానికి త్రవ్వకము, పేడ, ఒక సంవత్సరపు ఓపిక మూడును కావలెను. ప్రకృతి వ్యవసాయమువారి జీవామృతము ఎకరమునకు ఈ రీతిగా చేయుదురు: 200 లీటర్ల నీళ్లలో 10 కిలోల ఆవు పేడ, 5 మొదలు 10 లీటర్ల పంచితము, 2 కిలోల బెల్లము, 2 కిలోల పప్పుజాతి పిండి, గట్టుమీది మట్టి పిడికెడు. పీపాను నీడలో ఉంచి, పూటపూటకు కఱ్ఱతో త్రిప్పి, రెండు దినములైన తరువాత వాడుదురు; వారము దాటనియ్యరు. పెరటి మడికి దీనిలో ఇరువదవ వంతు చాలును. కోయబోవు ఆకుకూరమీద దీనిని చల్లరాదు, మొదట్లో నేలమీదనే పోయవలెను, కోసిన ఆకును బాగుగా కడుగవలెను. ఈ మాట పిల్లలున్న ఇండ్లకు ముఖ్యము.

అయితే పీపాలోని నీళ్లతోనే అంతయు జరుగునని ఎవరైన చెప్పినచో నమ్మవద్దు. పది కిలోల పేడలో ఎకరము పైరుకు చాలినంత బలము లేదు. అది పాలలో వేసిన తోడువంటిది; పాలే లేనిచోట తోడు ఏమి చేయును? నేలమీద ఆకు అలము కప్పుట, పప్పుజాతి సాళ్లు విడుచుట, పశువుల దిబ్బను ఎండకు వానకు పోనియ్యక కాపాడుట, ఇవియే పాలు. 2019లో జాతీయ వ్యవసాయ విజ్ఞాన అకాడమీవారు ఈ పద్ధతికి తగినంత శాస్త్ర నిరూపణ లేదని అభ్యంతరము చెప్పిరి. ఆ అభ్యంతరమును శత్రుత్వముగా ఎంచనక్కరలేదు. పరీక్షించి మేలైనదానిని పట్టుకొనవలెనని పౌలు థెస్సలొనీకయులకు వ్రాయలేదా?

మన ప్రక్కనున్న శ్రీలంకలో 2021 మే నెలలో రసాయన ఎరువుల దిగుమతిని ప్రభుత్వము ఒక్కసారిగా నిలిపివేసెను. నేలకు సమయము లేదు, రైతుకు నేర్పినవారు లేరు. వరి దిగుబడి పడిపోయెను, తేయాకు నష్టపడెను. నవంబరులోనే ఆ నిషేధమును తీసివేయవలసి వచ్చెను. దున్నుటకు కాలము, విత్తుటకు కాలము వేరని యెషయా రైతు ఎరిగియుండెను. ఆజ్ఞ వ్రాయు బల్ల దగ్గర కూర్చుండినవారు దానిని మరచిరి. కాబట్టి రెండెకరములున్న సహోదరుడు రెండెకరములును ఒక్క ఏట మార్చనక్కరలేదు. పది సెంట్లలో ఆరంభించి, కుటుంబము తినునది దానిలో పండించి, మూడవ ఏట మిగిలినదాని సంగతి ఆలోచింపవచ్చును.

భూమి లేనివారి మాట? ఇక్కడనే ఆలయపు ఆవరణ సంగతి వచ్చును. మిషనరీల కాలములో కొనిన స్థలములు మన ప్రాంతపు సంఘములకు అక్కడక్కడ ఉన్నవి. కొన్నిచోట్ల కంపచెట్లు, కొన్నిచోట్ల కోర్టు వ్యవహారములు తప్ప వాటిలో ఏమియు మొలుచుట లేదు. ఆ మిషనరీలు దానిని అట్లు తలంచలేదు. సామ్ హిగిన్‌బాటమ్ గారు 1910లో అలహాబాదులో వ్యవసాయ విద్యాలయము స్థాపించి, నాగలికిని సువార్తకును గల బంధమును గూర్చి పుస్తకమే వ్రాసెను. మన స్టేషనులో ఎక్కినచో నేరుగా దిగగల కాట్పాడిలో ఆర్కాటు మిషన్‌వారు వ్యవసాయ విద్యాలయము నడిపిరి. వాక్యమును సేద్యమును ఒకే ఆవరణలో నేర్చుకొనుట మనకు పరాయి పద్ధతి కాదు.

ఆవరణ తోటలు చెడిపోవు విధములు మనకు తెలిసినవే. అయ్యగారు ఒక్కరే ఆసక్తితో వేసినచో, ఆయన బదిలీ అయిన నాడే బెండ మొక్కలును బదిలీ అగును. పెద్దలలో ఒకరు కాపాడినచో పంట ఆయన ఇంటికే పోవునని గుసగుసలు పుట్టును. కంచె లేనియెడల మేకలు వచ్చును. ఇవన్నియు చిన్న సంగతులుగా కనబడును గాని, సంఘములు చీలినది సిద్ధాంతములవలన కంటె ఇట్టి చిన్న సంగతులవలననే ఎక్కువ. నాబోతు ప్రాణము పోయినది దేనికొరకు? అహాబు తన నగరు ప్రక్కన కూరతోట వేసికొనవలెనని ఆశపడినందుకే గదా!

కాబట్టి మొదటి గింజకంటె ముందు ఒప్పందము కావలెను. మడులను భూమి లేని కుటుంబములకు పంచి, ఒక్క మడిని మాత్రము అందరు నేర్చుకొనుటకు ఉంచుట మేలని మా తలంపు. ఆ మడి స్త్రీల సమాజము చేతిలో ఉండవలెను; ఆదివార బడి పిల్లలు అక్కడనే విత్తి, అక్కడనే తప్పులు చేసి నేర్చుకొందురు. పాత్రలు కడిగిన నీళ్లు, చేతులు కడిగిన నీళ్లు మునగకును అరటికిని పారవలెను. మటిక్కాయ, సొర, బీర, చిర్రాకు, గోంగూర, పొన్నగంటి, ఇవి మన ఎండకు ఓర్చునవి. కోసినవాటిలో కొన్నిటిని ముదరనిచ్చి విత్తనమునకు విడువవలెను. బలమైన మొదటి కాయనే విడువవలెను గాని, చివరకు మిగిలిన వంకర కాయను కాదు.

పంపకములో లేవీయకాండము 19:9–10 మరువరాదు. పొలము అంచును పూర్తిగా కోయక, పరిగెను ఏరుకొనక, బీదలకును పరదేశులకును విడువవలెనని ఆజ్ఞ. గమనించుడి, ఇది యజమానుడు ఇంటిముందు నిలువబెట్టి చేసెడి ధర్మము కాదు. బీదవాడు తానే వచ్చి, తన చేతితో కోసికొను హక్కు. రూతు బోయజు పొలములోనికి యాచకురాలిగా రాలేదు, పనిచేయుటకు వచ్చినది. ఆవరణ తోటలో గట్టు వెంబడి ఒక సాలును, గోడ దాటి చేయి అందు చోట, ఎవరి పేరును లేకుండ విడువవచ్చును. ఆ సాలులో కోయువారు మన సంఘస్థులేనా, ఏ మతమువారు అని చూడరాదు.

కోతపండుగనుగూర్చి ఒక మాట. ప్రథమఫలములని ఉదయమున అంగడిలో కొనిన వంకాయలను ఆలయములో పెట్టి, ఆరాధన అయిన తరువాత వేలములో మరల కొనుట వాడుకగా మారినది. దేవుడు ఆ కానుకను త్రోసివేయడు. అయినను ఆవరణలో పండిన ఒక కట్ట చిర్రాకును ఆ బల్లమీద పెట్టినచో, దానిని వేలములో కొనువారు దాని చరిత్రను పిల్లలకు చెప్పవలసి వచ్చును.

స్త్రీల సమాజములో మాటలాడుకొనుటకు ఈ సంగతులు తీసికొనుడి. మన సంఘములో అనప, కొఱ్ఱ, సజ్జ విత్తనము ఇప్పటికిని కుండలో దాచినవారెవరు, వారి వయస్సెంత, వారి దగ్గర నేర్చుకొనుటకు ఎవరు కూర్చుందురు? ఆవరణలో ఎండ ఏ ప్రక్క ఎంతసేపు ఉండును, వేసవిలో నీళ్లు ఏ గంటకు వచ్చును? మడులు అడుగు కుటుంబములు మడులకంటె ఎక్కువైనచో చీటి వేయుదమా, ఏటేట మార్చుదమా? గట్టు సాలులో ఎవరో ఒక్కరే వచ్చి అంతయు కోసికొని పోయినచో ఏమి చేయుదము? చివరి ప్రశ్నకు జవాబు చెప్పుటకు ముందు రూతు రెండవ అధ్యాయము 15, 16 వచనములు చదువుడి.